నూలు మీద పన్ను, ఇంటి మీద బరువు

“మనలాంటి వాళ్లం పన్నులు ఎక్కడ కడతాం? అవన్నీ ఉద్యోగస్తులకు, సేఠ్‌లకు.” లింబాయత్‌లో పెద్దవాళ్ల నోట ఈ మాట మనలో చాలామందిమి విన్నాం. ఆదాయపు పన్ను వరకు ఇది నిజమే. 2025–26 నుంచి కొత్త విధానంలో ఏడాదికి 12 లక్షల రూపాయల దాకా మామూలు ఆదాయం ఉన్నవారికి ఆదాయపు పన్ను పడదు. మీటరు లెక్కన కూలి తీసుకునే మరమగ్గం కార్మికుడి సంపాదన ఆ హద్దుకు చాలా దిగువన ఉంటుంది. అయినా ఆ ఇంట్లో పొద్దున్నే పళ్లు తోముకునే పేస్టులో పన్ను ఉంది. వంట గ్యాసులో ఉంది. ఊళ్లో ఉన్న నానమ్మతో మాట్లాడటానికి చేయించే ఫోను రీచార్జిలో ఉంది. ఇవి కొన్న వస్తువు ధరలో కలిసి ఉండే పన్నులు. వీటికి తోడు ఆ ఇంటి ఏ బిల్లులోనూ కనిపించకుండా, కూలి డబ్బుల మీద బరువు మోపే పన్ను ఇంకొకటి ఉంది. అది నూలు మీద పన్ను.

పన్ను ఎవరు కడుతున్నారన్నది ఒక ప్రశ్న. దాన్ని ఎవరు మోస్తున్నారన్నది వేరే ప్రశ్న. ఈ తేడాను మన చుట్టూ ఉన్న బట్టల పరిశ్రమ లెక్కలతోనే ఈ పాఠంలో తెలుసుకుందాం. లెక్కలు చిన్నవే. ఎనిమిదో తరగతి శాతాలు వస్తే చాలు.

లింబాయత్ ఎందుకు?

సూరత్ నగరానికి ఆగ్నేయ దిక్కున ఉన్న లింబాయత్‌లో గుజరాతీ, మరాఠీ, హిందీ, ఒడియాలతో పాటు తెలుగు కూడా వీధిలో వినిపించే భాష. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి కొన్ని దశాబ్దాలుగా మనవాళ్లు ఇక్కడికి వస్తున్నారు. వారిలో పద్మశాలీలు ఎక్కువ. అక్కడ మగ్గం, ఇక్కడా మగ్గమే. కాకపోతే ఇక్కడ నేసేది ఎక్కువగా పాలిస్టర్ గుడ్డ.

ఆ గుడ్డ ప్రయాణం ఒకసారి చూద్దాం. పెద్ద కంపెనీలో పాలిస్టర్ నూలు తయారవుతుంది. మెలిపెట్టే యూనిట్‌కు వెళ్తుంది. అక్కడి నుంచి బీముకెక్కి మరమగ్గం కార్ఖానాకు వస్తుంది. నేసిన గుడ్డను గ్రే అంటారు. గ్రే రంగుల మిల్లుకు వెళ్తుంది. అద్దకం అయ్యాక రింగ్ రోడ్డు మార్కెట్లలోని వ్యాపారికి చేరుతుంది. ఆయన దాన్ని ఎంబ్రాయిడరీకి పంపుతాడు. తర్వాత లేసు కుట్టడానికి, రాళ్లు అతికించడానికి, పోగులు కత్తిరించడానికి ఇళ్లకు పంపుతారు. ఈ చివరి పని మన అమ్మలు, అక్కలు చీరకు ఇంత అని తీసుకుని చేస్తారు. ఒక చీర తయారయ్యేలోపు ఇన్ని చేతులు మారుతుంది. ప్రతి మలుపులోనూ పన్ను లెక్క ఉంటుంది. అందుకే పన్ను రేటులో రెండు మూడు శాతం మారినా లింబాయత్‌లో దాని చప్పుడు వినిపిస్తుంది.

కట్టేవారు, మోసేవారు

పన్నులు రెండు రకాలు. ఆదాయపు పన్ను లాంటిది ప్రత్యక్ష పన్ను. ఎవరి మీద వేస్తే వారే కడతారు, వారే మోస్తారు. జీఎస్టీ పరోక్ష పన్ను. దుకాణదారు ప్రభుత్వానికి కడతాడు, కానీ ధరలో కలిపి మన దగ్గర తీసుకుంటాడు. కట్టింది ఆయన, మోసింది మనం.

పరోక్ష పన్నుకు మనిషి ముఖం తెలియదు. సబ్బు కొన్నది ఎవరన్నది దానికి అక్కర్లేదు. దీని ఫలితం ఒక లెక్కతో చూద్దాం. ఈ అంకెలు లెక్క కోసం మనం అనుకున్నవే. ఒక ఇంటి నెల ఆదాయం 18,000 రూపాయలు. ఇంకో ఇంటి ఆదాయం 1,50,000. మొదటి ఇల్లు నెలకు సబ్బులు, పేస్టు, తలనూనె, బిస్కెట్ల మీద పన్ను కాకుండా 1,000 రూపాయలు ఖర్చు పెట్టింది. 18 శాతం చొప్పున పన్ను 180 రూపాయలు. రెండో ఇల్లు అవే వస్తువులు రెట్టింపు కొన్నది. దాని పన్ను 360 రూపాయలు. రూపాయల్లో చూస్తే రెండో ఇల్లే ఎక్కువ కట్టింది. ఆదాయంలో వాటాగా చూస్తే మొదటి ఇల్లు 100 రూపాయలకు 1 రూపాయి కట్టింది, రెండోది 24 పైసలు కట్టింది. ఆదాయం తగ్గేకొద్దీ ఇలా భారం వాటా పెరిగే పన్నును అర్థశాస్త్రంలో తిరోగామి పన్ను అంటారు. ఆదాయం పెరిగేకొద్దీ రేటు పెరిగేది పురోగామి పన్ను.

అందుకే నిత్యావసరాల మీద రేటు తక్కువగా ఉండాలని అంటారు. విడిగా అమ్మే బియ్యం, పప్పు మీద జీఎస్టీ లేదు. అదే బియ్యం 25 కిలోలు లేదా అంతకంటే తక్కువ సంచిలో, లేబుల్‌తో ముందే కట్టి అమ్మితే 2022 జులై 18 నుంచి 5 శాతం పడుతోంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఒంటి సబ్బు, పేస్టు, తలనూనె, బిస్కెట్లు 18 శాతం నుంచి 5 శాతానికి దిగాయి. మన నోటు పుస్తకాలు, పెన్సిళ్లు, రబ్బర్ల మీద పన్ను పూర్తిగా తీసేశారు. ఫోను రీచార్జి మీద మాత్రం 18 శాతం అలాగే ఉంది. సొంత ఊరికి దూరంగా బతికే కుటుంబానికి ఫోను విలాసం కాదని మనకు తెలుసు.

నిత్యావసరాల మీద పన్ను అనగానే సూరత్‌కు ఒక పాత జ్ఞాపకం ఉంది. 1844లో బ్రిటిష్ ప్రభుత్వం ఉప్పు సుంకాన్ని మణుగుకు 8 అణాల నుంచి రూపాయికి పెంచింది. సూరత్ ప్రజలు తిరగబడ్డారు. ప్రభుత్వం ఆ పెంపును తగ్గించుకోక తప్పలేదు. తర్వాత 86 ఏళ్లకు, 1930లో, గాంధీజీ నడిచింది కూడా ఉప్పు పన్ను మీదనే. ఆ యాత్ర సూరత్ చేరి, మన పక్కనే ఉన్న డిండోలి మీదుగా సాగి, ఏప్రిల్ 6న దండి తీరంలో ఉప్పు తీయడంతో ముగిసింది. ఉప్పు కోసం ఇంత ఎందుకు? ధనవంతుడైనా పేదవాడైనా తినే ఉప్పు దాదాపు ఒకటే. ఆదాయంలో దాని వాటా మాత్రం ఒకటి కాదు. ఇప్పుడే మనం సబ్బు మీద వేసిన లెక్క ఉప్పుకూ వర్తిస్తుంది.

నూలుకు ఎక్కువ, గుడ్డకు తక్కువ

ఇప్పుడు మగ్గం దగ్గరికి వద్దాం. 2017 జులై 1న జీఎస్టీ అమలులోకి వచ్చింది. అంతకుముందు గుజరాత్‌లో బట్ట అమ్మకం మీద వ్యాట్ లేదు. బిల్లులు, రిటర్నులు బట్టల వ్యాపారులకు కొత్త. ఆ జులైలో రెండు వారాలకు పైగా రింగ్ రోడ్డు మార్కెట్ల దుకాణాలు మూతపడ్డాయి. వేల మంది వీధుల్లోకి వచ్చారు. పెద్దనోట్ల రద్దు జరిగి అప్పటికి ఎనిమిది నెలలే. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టయింది. వ్యాపారి దుకాణం మూస్తే ఆయన లాభం ఆగుతుంది. మీటరు కూలి మీద బతికే వాడికి మాత్రం ఆ రోజు కూడే ఆగుతుంది.

జీఎస్టీ మూలసూత్రం మంచిదే. ప్రతి దశలో పెరిగిన విలువ మీదే పన్ను పడాలి, పన్ను మీద పన్ను పడకూడదు. అందుకు ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ అనే ఏర్పాటు ఉంది. ముడిసరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును, సరుకు అమ్మినప్పుడు వసూలైన పన్నులోంచి మినహాయించుకోవచ్చు. మిగిలింది ప్రభుత్వానికి కట్టాలి.

సమస్య రేట్ల దగ్గర వచ్చింది. మొదట్లో పాలిస్టర్ లాంటి కృత్రిమ నూలు మీద 18 శాతం, గుడ్డ మీద 5 శాతం పెట్టారు. 2017 అక్టోబరులో నూలు రేటును 12 శాతానికి తగ్గించారు. అప్పటికీ నూలు రేటే గుడ్డ రేటు కంటే ఎక్కువ. ముడిసరుకుకు ఎక్కువ, తయారైన సరుకుకు తక్కువ ఉండే ఈ తలకిందుల అమరికను ఇన్వర్టెడ్ డ్యూటీ అంటారు.

ఒక చిన్న కార్ఖానా లెక్క వేద్దాం. నెలకు 2 లక్షల రూపాయల నూలు కొని, 3 లక్షల గుడ్డ అమ్ముతుంది అనుకుందాం.

నూలు 18 శాతం, గుడ్డ 5 శాతం ఉన్నప్పుడు: కట్టిన పన్ను 36,000, వసూలైన పన్ను 15,000. చిక్కుకున్నది 21,000 రూపాయలు.

నూలు 12 శాతం, గుడ్డ 5 శాతం ఉన్నప్పుడు: కట్టిన పన్ను 24,000, వసూలైన పన్ను 15,000. చిక్కుకున్నది 9,000 రూపాయలు.

రెండో లెక్క ప్రకారమే చూసినా నెలకు 9,000 అంటే ఏడాదికి 1,08,000 రూపాయలు. ఇది కార్ఖానా లాభంలోంచి పోయిన పన్ను కాదు, ఖాతాలో అంకెగా కనిపిస్తూ చేతికి అందని సొంత డబ్బు. చాలా సరుకుల విషయంలో ఇలా మిగిలిన క్రెడిట్‌ను ప్రభుత్వం తిరిగి ఇస్తుంది. గుడ్డ విషయంలో మాత్రం మొదటి 13 నెలలు వాపసు లేదన్నారు. 2018 ఆగస్టు 1 నుంచి వాపసుకు అనుమతించారు. అప్పటికే పేరుకున్న క్రెడిట్ రద్దవుతుందని మెలిక పెట్టారు. ఆ రద్దుకు చట్టంలో ఆధారం లేదని గుజరాత్ హైకోర్టు 2019లో తీర్పు చెప్పింది.

వాపసు వచ్చినా సమయం పడుతుంది. దరఖాస్తు అందిన 60 రోజుల్లో తేల్చాలన్నది చట్టంలోని గడువు. నూలు వ్యాపారికి మాత్రం డబ్బు ముందే ఇవ్వాలి. గుడ్డ కొన్నవాడు నెలల తరబడి ఉద్దెర పెట్టినా, ఆ అమ్మకం మీద పన్ను సాధారణంగా మరుసటి నెల 20వ తేదీలోగా కట్టాలి. ఈ సందును పూడ్చడానికి పెద్ద కంపెనీకి బ్యాంకు ఉంది. చిన్న కార్ఖానాకు వడ్డీ వ్యాపారి ఉన్నాడు. అప్పు ఒకటే అయినా వడ్డీ ఒకటి కాదు. పన్ను రేటు అందరికీ సమానంగా ఉన్నా దాని ఖర్చు అందరికీ సమానం కాదని ఇక్కడ తెలుస్తుంది.

కట్టనక్కర్లేనివాడి సంగతి

ఏడాది అమ్మకాలు ఒక హద్దు దాటకపోతే జీఎస్టీ నమోదు అక్కర్లేదు. సరుకులు అమ్మేవారికి ఆ హద్దు 2017లో 20 లక్షలు ఉండేది. 2019 ఏప్రిల్ 1 నుంచి గుజరాత్‌లో 40 లక్షలయింది. చిన్నవారికి ఇది మేలే, రాతకోతల బెడద తప్పుతుంది. ఇందులోనే ఒక ఇబ్బంది కూడా ఉంది.

నమోదు లేనివాడికి క్రెడిట్ ఉండదు. నాలుగు మగ్గాలు పెట్టుకుని సొంతంగా నూలు కొనే నేతగాడు 100 రూపాయల నూలుకు 112 రూపాయలు ఇచ్చాడనుకుందాం. ఆ 12 రూపాయలు అతని ఖర్చులో కలిసిపోయాయి. నమోదైన పెద్ద కార్ఖానాకు ఆ 12 రూపాయలు ఆలస్యంగానైనా తిరిగి వస్తాయి. మార్కెట్లో ఇద్దరి గుడ్డకూ పలికే ధర ఒకటే. మరి చిన్న నేతగాడు తేడాను ఎక్కడ సర్దుకోవాలి? సొంత కష్టంలోనే. పైగా అతని దగ్గర కొన్న వ్యాపారికి పన్ను బిల్లు దొరకదు, కాబట్టి క్రెడిట్ దొరకదు. వ్యాపారి నమోదైనవాడి దగ్గరికే పోతాడు. “పన్ను కట్టనక్కర్లేదు” అంటే “పన్ను పడలేదు” అని అర్థం కాదు.

ఇంకో మెట్టు దిగితే మగ్గం కార్మికుడు కనిపిస్తాడు. అతను నూలు కొనడు, గుడ్డ అమ్మడు, రిటర్ను వేయడు. కానీ కార్ఖానా యజమాని డబ్బు చిక్కుకుపోయినప్పుడు నూలు నూలువాడి ధరకే కొనాలి. కరెంటు బిల్లు ఆపలేడు. గుడ్డ ధర పెంచితే కొనేవాడు పక్క కార్ఖానాకు పోతాడు. ఇక తన చేతిలో ఉన్నది మీటరు కూలి, మగ్గం తిరిగే రోజులు. కూలి పెంపు వాయిదా పడుతుంది. బీము అయిపోయాక రెండు రోజులు మగ్గం ఆగుతుంది. కండెలు చుట్టేవారికి, రాళ్లు అతికించే అక్కలకు పని తగ్గుతుంది. ఈ నష్టం ఏ పన్ను రసీదులోనూ ఉండదు.

దీన్ని అర్థశాస్త్రంలో ఒక సూత్రంగా చెబుతారు. ధర మారినప్పుడు తన కొనుగోలునో అమ్మకాన్నో త్వరగా మార్చుకోగలిగినవాడు పన్నును ఎదుటివాడి మీదికి నెట్టగలడు. మార్చుకోలేనివాడి మీద అది ఆగుతుంది. ఈ గుణాన్నే వ్యాకోచత్వం అంటారు. చీర కొనేవాళ్లు ఈ పండక్కి ఊరుకోగలరు, నూలు కంపెనీ వేరే ఊరికి అమ్మగలదు. అద్దె ఇల్లు, పిల్లల చదువు ఇక్కడే ఉన్న కార్మికుడు వారం రోజుల్లో వేరే పని వెతుక్కోలేడు. నీరు పల్లమెరుగు అన్నట్టు, పన్ను బరువు కూడా కదలలేనివాడి దగ్గరికే జారుతుంది.

ఒకే తప్పు, రెండు దిద్దుబాట్లు

నూలు రేటు, గుడ్డ రేటు సమానం కావాలని అందరూ ఒప్పుకున్నారు. ఎలా సమానం చేయాలన్న దగ్గరే తేడా వచ్చింది. ఒక దారి గుడ్డ రేటును 12కు పెంచడం. రెండో దారి నూలు రేటును 5కు తగ్గించడం.

2021 సెప్టెంబరు 17న లక్నోలో జరిగిన 45వ జీఎస్టీ కౌన్సిల్ సమావేశం మొదటి దారి ఎంచుకుంది. 2022 జనవరి 1 నుంచి గుడ్డకు 12 శాతం అన్నారు. మన కార్ఖానా లెక్కలో పెట్టి చూద్దాం. నూలు మీద కట్టింది 24,000, గుడ్డ మీద వసూలయ్యేది 36,000. ఏదీ చిక్కుకోదు. కార్ఖానా సమస్య తీరినట్టే. కానీ 500 రూపాయల చీర మీద పన్ను 25 రూపాయల నుంచి 60కి పెరుగుతుంది. సూరత్ చీర కట్టేది ఎక్కువగా తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల ఆడవాళ్లు. 35 రూపాయలు పెరిగితే రెండు చీరలు కొనేవారు ఒకటితో సరిపెట్టుకుంటారు. అమ్మకం తగ్గితే మగ్గం తగ్గుతుంది, మళ్లీ బరువు లింబాయత్‌కే వస్తుంది. వ్యాపారులు, కొన్ని రాష్ట్రాలు అభ్యంతరం చెప్పడంతో, అమలుకు ఒక్క రోజు ముందు, డిసెంబరు 31న జరిగిన 46వ సమావేశం దాన్ని వాయిదా వేసింది.

2025 సెప్టెంబరు 3న 56వ సమావేశం రెండో దారి పట్టింది. కృత్రిమ పీచు 18 నుంచి 5 శాతానికి, కృత్రిమ నూలు 12 నుంచి 5 శాతానికి దిగాయి. సెప్టెంబరు 22 నుంచి ఇది అమలైంది. ఇప్పుడు మన కార్ఖానా నూలు మీద 10,000 కడుతుంది, గుడ్డ మీద 15,000 వసూలు చేస్తుంది, 5,000 ప్రభుత్వానికి చెల్లిస్తుంది. నూలు మీద చిక్కుకునేది లేదు. నమోదు లేని నేతగాడికి 100 రూపాయల నూలు మీద పడే పన్ను 12 నుంచి 5కు తగ్గింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. గుడ్డ రేటు మొదటి నుంచీ 5 శాతమే. వాపసు సరిగ్గా, సమయానికి వచ్చి ఉంటే నూలు రేటు 12 ఉన్నా 5 ఉన్నా, నమోదైన కార్ఖానాల ద్వారా ప్రభుత్వానికి చివరికి మిగిలేది గుడ్డ మీద వచ్చే 5 శాతమే. మరి ఆ ఎనిమిదేళ్లు నూలు రేటు నిర్ణయించింది ఏమిటి? మధ్యలో ఎవరి డబ్బు ఎన్నాళ్లు ఆగాలి, వడ్డీ ఎవరు కట్టాలి అన్నదే. రేట్ల పట్టికలో ఒక అంకెగా కనిపించేది నిజానికి ఎవరు మోయాలన్న నిర్ణయం.

ఇంటి నుంచి దేశానికి

మనం మొదట చూసిన 18,000 రూపాయల ఇంటికి వెళ్దాం. సబ్బు, పేస్టుల మీద 18 శాతం 5 అయినప్పుడు, దుకాణంలో ధర నిజంగా తగ్గితే, 1,180 రూపాయల ఖర్చు 1,050 అవుతుంది. నెలకు 130 రూపాయలు మిగిలాయి. చిన్న మొత్తమే. కానీ అలాంటి వెయ్యి ఇళ్లు ఉంటే నెలకు 1,30,000 రూపాయలు.

అదనంగా చేతికొచ్చిన రూపాయిలో ఎంత ఖర్చు పెడతామన్నది ఉపాంత వినియోగ ప్రవృత్తి. అవసరాలు తీరని ఇంట్లో అది ఎక్కువగా ఉంటుంది. రూపాయిలో 80 పైసలు ఖర్చవుతుంది అనుకుందాం. 1,30,000 మొదట ఖర్చయితే అది కూరగాయల బండి వాడికి, దర్జీకి, టీ కొట్టువాడికి ఆదాయం. వాళ్లు అందులో 1,04,000 ఖర్చు పెడతారు. అది అందుకున్నవాళ్లు 83,200 ఖర్చు పెడతారు. ఇలా కూడుతూ పోతే మొత్తం 6,50,000. దీన్ని గుణకం అంటారు. అదే డబ్బు రూపాయికి 40 పైసలే ఖర్చు పెట్టే ఇళ్లకు చేరితే మొత్తం సుమారు 2,16,700 మాత్రమే. నిజ జీవితంలో కొంత డబ్బు అప్పులు తీర్చడానికి, కొంత సొంత ఊళ్లకు పోతుంది, కాబట్టి పుస్తకంలో ఉన్నంత పెద్ద గుణకం లింబాయత్‌లో కనబడదు. దిశ మాత్రం ఇదే. ఇబ్బందుల్లో ఉన్న ఇంటి మీద బరువు తగ్గితే ఆ డబ్బు బీరువాలో కూర్చోదు, బజారులో తిరుగుతుంది.

అలాగని పన్నులన్నీ తీసేయమనడం పాఠం కాదు. 2025 సెప్టెంబరు మార్పుల వల్ల ఆదాయంలో ఏడాదికి సుమారు 48,000 కోట్ల రూపాయల మేర ప్రభావం ఉంటుందని కేంద్ర ప్రభుత్వం అంచనా వేసింది. ఆ డబ్బుతో జరిగే పనులు కూడా పేద ఇళ్లకే ఎక్కువ అవసరం. రేషన్ బియ్యం, ప్రభుత్వ ఆసుపత్రి, మనం చదువుతున్న ఈ విద్యాలయం, అన్నీ పన్నుల డబ్బుతోనే నడుస్తున్నాయి. తగ్గింపుతో 130 రూపాయలు మిగిల్చి, ఆసుపత్రిలో మందులు లేకుండా చేస్తే ఆ ఇల్లు లాభపడినట్టు కాదు.

ప్రభుత్వ ఖర్చు మగ్గాన్ని ఎలా నడిపిస్తుందో చూడాలంటే మన సిరిసిల్ల వైపు చూడాలి. అక్కడ కూడా మరమగ్గాల మీద పాలిస్టర్ గుడ్డ ఎక్కువ. అక్కడివాళ్లు మరమగ్గాన్ని సాంచా అంటారు. 2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ పండక్కి ఆడపడుచులకు చీరలు పంచడం మొదలుపెట్టి, వాటి తయారీని ఎక్కువగా సిరిసిల్లకు అప్పగించింది. కోటి దాకా చీరలంటే సాంచాలకు కొన్ని నెలల పని. పన్నుగా వెళ్లిన డబ్బు కూలిగా తిరిగి వచ్చింది. అయితే ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడితే ఆ ఆర్డరు ఆగిన ఏడు సాంచాలు ఆగుతాయన్నది కూడా సిరిసిల్ల నేర్పిన పాఠమే.

జీఎస్టీలో ఇంకో విశేషం ఉంది. ఇది సరుకు వాడే చోటుకు చెందే పన్ను. లింబాయత్‌లో నేసిన చీర వరంగల్‌లో అమ్ముడైతే రాష్ట్రం వాటా గుజరాత్‌కు కాదు, తెలంగాణకు వెళ్తుంది. ఇక్కడ మనవాళ్ల చేతిపని మీద పడిన పన్నులో కొంత మన తాతల ఊరి బడికో రోడ్డుకో చేరవచ్చు.

మంచి పన్నును ఎలా గుర్తుపట్టాలి?

ఆడమ్ స్మిత్ 1776లో వెలువరించిన గ్రంథంలో మంచి పన్నుకు నాలుగు లక్షణాలు చెప్పాడు. సమత్వం, అంటే శక్తికి తగ్గ భారం. నిశ్చితత్వం, అంటే ఎంత, ఎప్పుడు కట్టాలో ముందే తెలియడం. సౌలభ్యం, అంటే చేతిలో డబ్బు ఉన్నప్పుడు కట్టే వీలు. మితవ్యయం, అంటే వసూలుకే ఎక్కువ ఖర్చు కాకపోవడం.

నూలు కథను ఈ నాలుగింటితో కొలిచి చూద్దాం. వడ్డీకి తెచ్చి పన్ను కట్టి వాపసు కోసం ఎదురుచూడటం సౌలభ్యం కాదు. రేటు మారుతుందని ప్రకటించి అమలుకు ముందు రోజు ఆపడం నిశ్చితత్వం కాదు. నమోదు లేని చిన్నవాడికి క్రెడిట్ లేకపోవడం సమత్వం కాదు. పన్ను మీద పన్ను పడకుండా చూడటం, రాష్ట్రానికో పన్ను బదులు దేశమంతటికీ ఒకే అమరిక తేవడం మితవ్యయానికి దగ్గర. మంచీ చెడూ రెండూ రాసుకుంటేనే లెక్క సరిగా ఉంటుంది.

వీటికి మనం ఒక ప్రశ్న కలుపుకోవచ్చు. ఏ పన్ను మారినా మొదట అడగాల్సింది “ఎంత శాతం?” అని కాదు, “దీన్ని ఇంకొకరి మీదికి నెట్టలేనివాడు ఎవరు?” అని. ఆ మనిషి ఇంట్లో పొయ్యి మీద ఏం మారుతుందో చూస్తే ఆ పన్ను సంగతి తెలిసిపోతుంది. లింబాయత్‌లో ఆ ఇల్లు వెతకడానికి మనం దూరం పోనక్కర్లేదు.

చేసి చూద్దాం

1. 299 రూపాయల ఫోను రీచార్జిలో 18 శాతం పన్ను కలిసి ఉంది. అందులో పన్ను ఎంత? సూచన: 299ని 118తో భాగించి 18తో గుణించండి. సుమారు 45 రూపాయల 61 పైసలు రావాలి. మీ ఇంట్లో నెలకు ఎన్ని రీచార్జిలు అవుతాయో చూసి మొత్తం పన్ను కట్టండి.

2. ఒక వారం పాటు ఇంటికి వచ్చిన బిల్లులు దాచండి. పన్ను లేనివి, 5 శాతం ఉన్నవి, 18 శాతం ఉన్నవి అని మూడు గుంపులు చేయండి. ఏ గుంపులోని వస్తువులు లేకుండా ఇల్లు గడవదు?

3. పాఠంలోని కార్ఖానా నెలకు 2 లక్షల నూలు కొని, గిరాకీ లేక 1,50,000 గుడ్డే అమ్మగలిగింది. నూలు, గుడ్డ రెండూ 5 శాతం. ఆ నెల కట్టిన పన్ను, వసూలైన పన్ను ఎంత? రేట్లు సమానంగా ఉన్నా డబ్బు ఎందుకు చిక్కుకుంది?

4. ఇంట్లో మగ్గం పనో, చీరల పనో చేసే పెద్దవారుంటే, 2017 జులై గురించి వారిని అడగండి. పని ఎన్ని రోజులు ఆగింది, ఇల్లు ఎలా గడిచింది అని వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే నోటు పుస్తకంలో రాసుకోండి. ఆ పుస్తకం మీద ఇప్పుడు పన్ను లేదు.